ఆవలించడానికైనా ఒకరు

అమ్మకు, నేను కులాసాగానే ఉన్నాను, దిగులు పెట్టుకోకు. అంత ఫిజిక్సు చదివి, ల్యాబు వదిలేసి సైన్సు పత్రికలో చేరానని నాన్న ఇంకా ముభావంగానే ఉన్నారా?

మనం నడుస్తుంటే చందమామ వెంట ఎందుకు వస్తుందో మొన్న ఒక వ్యాసం రాశాను. మా ఎడిటరుగారు చూసి, "ఇది మీ ప్రొఫెసరు కోసం రాసినట్టుంది తల్లీ. ఇంట్లోవాళ్ళకి చదివి వినిపించు. వాళ్ళు ఎక్కడ ఆవలిస్తే అక్కడ కొట్టెయ్" అన్నారు. గదికొచ్చి పైకి చదివాను. ఆవలించడానికైనా ఎవరూ లేరమ్మా.

నా నీలం స్వెట్టరు చెల్లి వేసుకుంటోందా? వేసుకోనీ. వ్యాసం వేరే కవరులో పంపుతున్నాను. నువ్వు కూరలు తరుగుతుంటే నాన్నను చదివి వినిపించమను. విసుగొచ్చిన చోటల్లా గీత పెట్టి, పక్కన ఏదో ఒకటి రాయమను. తిట్లయినా సరే, ఆయన చేతిరాత చూసి ఎన్నాళ్ళయిందో.

చెల్లికి ముద్దులు, మీ ఇద్దరికీ నమస్కారాలు.

నీ పెద్దది