బడి మరుగుదొడ్డికి నా బోరు నీళ్లు

2025వ సంవత్సరం నవంబరు నెల 17వ తేదీన, వైఎస్సార్ కడప జిల్లా, చక్రాయపేట మండలం, మిట్టగొల్లపల్లె కాపురస్తురాలు, కీర్తిశేషులు గంగన్న భార్య, అరవై నాలుగేళ్ల పెద్దసుబ్బమ్మ అనే నేను, నా ఇష్టప్రకారం, పులివెందులలో కూర్చుని రాయించిన వీలునామా.

నాకు మతి స్థిమితంగా ఉంది. కళ్లకు పొర వచ్చింది, మోకాళ్లు పోయాయి, కడుపులో గడ్డ ఉందని డాక్టరు చెప్పాడు. మతికి మాత్రం ఏమీ కాలేదు. అది చెడినా బాగుండేది, రెండేళ్లుగా కాస్త నిద్ర పట్టేది. నన్ను ఎవరూ బెదిరించలేదు, బతిమాలలేదు. ఈ కాగితం రాస్తున్న దస్తావేజు లేఖరి నబీ రసూల్ మాత్రం మొదట్లోనే అడ్డం పడ్డాడు. "అమ్మా, వీలునామాలో ఆస్తి రాయల్ల, కడుపులో మాట కాదు" అన్నాడు. కడుపులో మాట తీసేస్తే నా ఆస్తి ఏముంది, ఒక తోట, ఒక బోరు, పద్నాలుగు గొర్రెలు. చెప్పింది చెప్పినట్టు రాయకపోతే పక్క అంగడికి పోతానన్నాను. అప్పుడు కలం తీశాడు.

1. మా అమ్మ నాకు పసుపు కుంకుమ కింద ఇచ్చిన, బడి వెనక ఉన్న రెండెకరాల నలభై సెంట్ల చీనీ తోట నా ఒక్కగానొక్క కొడుకు బాలకృష్ణకు. నా తదనంతరం వాడు సర్వహక్కులతో అనుభవించవలసింది, రెండో క్లాజులోని షరతుకు లోబడి. ఆ చెట్లు వాడు నాటినవి. కరువేడు ట్యాంకరు నీళ్లు పోసి, పసిబిడ్డలను సాకినట్టు సాకాడు. వాడి చెమట మీద నాకు ఆశ లేదు.

2. తోట మూలనున్న బోరు, మోటారు, కరెంటు కనెక్షను, బోరు చుట్టూ రెండు సెంట్ల స్థలం, అక్కడి నుంచి బడి ట్యాంకు దాకా పైపు వేసే దారి, ఇవన్నీ మిట్టగొల్లపల్లె ప్రాథమిక పాఠశాలకు రాసి ఇస్తున్నాను. రోజూ కరెంటు రాగానే మొదట బడి ట్యాంకు నిండాలి. తర్వాతే తోట. వేసవిలో బోరు తగ్గి సన్నగా పోసినా ఈ వరుస మారదు.

ఈ సంగతి చెప్పినప్పుడు బాలకృష్ణ అన్నం ముందు నుంచి లేచిపోయాడు. "చెట్లెండిపోతే నీ బడి పిల్లోల్లు వచ్చి కాయలు కాపిస్తారా? కన్నకొడుకు కంటే ఆ మరుగుదొడ్డి టైల్స్ గది ఎక్కువయ్యిందా నీకు?" అని అరిచాడు. నాయనా, నీ కోపం న్యాయమైనదే. కానీ నీ తల్లి చేసిన పని నీకు తెలియదు. కింద రాయిస్తున్నాను, చదువుకో.

3. ఆ బడిలో నేను ఆయాగా చేశాను. ఊడ్చడం, కడగడం, పొద్దున రాగిజావ కాచి పోయడం నా పని. ముప్పై ఒక్కమంది పిల్లలు, ఐదు తరగతులు, ఒకే టీచరమ్మ ఉమాదేవి, రెండు గదులు. ఒక గది వానొస్తే కారుతుంది. రెండోదాని గోడ చీలి, ఆ చీలికలో చెయ్యి పడుతుంది. వెనకవైపు ప్రహరీ లేదు, బడి వసారా దిగితే కంపచెట్లే. పిల్లల్లో సగంమంది మా గొర్రెలవాళ్ల బిడ్డలు, సగంమంది సాయిబుల బిడ్డలు. చేతిపంపు ఎండి ఎన్నేళ్లయిందో పిల్లలకు గుర్తే లేదు, దాని పిడి పట్టుకుని ఊగుతుంటారు.

మరుగుదొడ్డి మాత్రం కొత్తది. తెల్ల టైల్స్, నీలం తలుపు, గోడ మీద చిలకల బొమ్మలు. నీళ్లు మాత్రం లేవు. ఊరి కుళాయి నుంచి నేను బిందెలతో మోసుకురావాలి. అందుకని ఆడపిల్లలు ఏం చేసేవాళ్లో తెలుసా? ఇంటి నుంచే నీళ్లు తాగకుండా వచ్చేవాళ్లు. అన్నం తినేటప్పుడు ఒక గుక్క తాగి మూతి తుడుచుకునేవాళ్లు. ఎండాకాలం పెదాలు పగిలి ఉండేవి. ఇదంతా నా కళ్లతో చూశాను, చూస్తూ ఊరుకున్నాను.

మా ఊళ్లో ఒక బుద్ధి ఉంది. కొత్త వస్తువును వాడం, దాస్తాం. బడికి వచ్చిన స్టీలు ప్లేట్లు బీరువాలో ఉంటే పిల్లలు ఇంటి నుంచి సొట్ట గిన్నెలు తెచ్చుకునేవాళ్లు. బంతులు బీరువాలోనే. బొమ్మల పుస్తకాలు అట్ట మాయకూడదని బీరువాలోనే. ఆఫీసర్లు వచ్చిన రోజు అన్నీ బయటికి వస్తాయి, ఫోటోలు కాగానే లోపలికి పోతాయి. ఇంతెందుకు, నా ట్రంకు పెట్టెలో మడత విప్పని చీరలు పదకొండున్నాయి. ఈ బుద్ధితోనే మరుగుదొడ్డికి తాళం వేశాను. ఎవరూ వేయమనలేదు, తాళం నేనే కొన్నాను. టీచరమ్మ నాలుగైదుసార్లు కసిరింది, "తాళం తీసి పెట్టండి ఆయమ్మా, అది పిల్లల కోసం కట్టింది" అని. ఆమె చూస్తుంటే తీసేదాన్ని, క్లాసులోకి పోగానే మళ్లీ వేసేదాన్ని. నీళ్లు లేని చోట ముప్పై ఒక్కమంది పోతే ఏమవుతుందో కడిగేదానికి తెలుసు. అది ఒక కారణం. ఇంకో కారణం చెప్పడానికి సిగ్గుగా ఉంది. అంత తెల్లని గదికి నేను యజమానిని అనిపించేది. తెరిచి చూసుకుని మురిసిపోయేదాన్ని.

4. 2023 జులై 19, బుధవారం. నాలుగో తరగతి చదివే ముస్కాన్, తొమ్మిదేళ్ల పిల్ల, నా దగ్గరికి వచ్చింది. కువైట్‌లో డ్రైవరు పని చేసే నయీం, ఊళ్లో బట్టలు కుట్టే మసరత్, వీళ్ల పెద్దకూతురు. నేను కాచే రాగిజావ రెండు గ్లాసులు తాగేది బడి మొత్తానికి అదొక్కతే. మూతికి మీసాలు కట్టుకుని, "ఇంకొంచెం పొయ్ ఆయమ్మా" అనేది. ఆ రోజు రెండో గ్లాసు నిండా పోసింది నేనే.

వచ్చి, "తాళం తియ్ ఆయమ్మా" అంది.

"పెద్దాఫీసర్లు వస్తాండారు. ఇప్పుడే కడిగినా. కంపచెట్ల సాటుకు పోయిరా తల్లీ" అన్నాను.

"ఆడ శానా ముండ్లుండాయి" అంది.

"చెప్పులేసుకోని పో" అన్నాను.

చెప్పిన మాట విని చెప్పులు వేసుకుని పోయింది. రక్తపింజర చెప్పు పైభాగాన, చీలమండ దగ్గర కరిచింది. తానే నడుచుకుంటూ వచ్చి, "ఏందో కుట్టింది ఆయమ్మా" అని నా చీర కుచ్చెళ్లు పట్టుకుంది. ఎత్తుకుని రోడ్డు దాకా పరిగెత్తాను. ఆటోలో దారిపొడవునా "నిద్రపోవద్దు తల్లీ" అంటూనే ఉన్నాను. వేంపల్లె చేరకముందే నా ఒడిలో ప్రాణం పోయింది.

ఆఫీసర్లు ఆ రోజు రాలేదు. మరుసటి రోజూ రాలేదు. తర్వాత విచారణకు వచ్చారు.

తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందని అడిగారు. చెవి నా బొడ్లోనే ఉంది, పొట్టకు ఒత్తుకుంటోంది. "టీచరమ్మ దగ్గర సార్" అన్నాను. ఆ ఒక్క అబద్ధంతో బతికిపోయాననుకున్నాను. ఉమాదేవి టీచరు ఉన్నదున్నట్టు చెప్పింది. ఎవరు వింటారు? ఆమె ప్రొద్దుటూరు నుంచి బస్సులో వచ్చిపోయే మనిషి, నేను ఊరి ఆడబిడ్డను. "మా సుబ్బమ్మ నోట అబద్ధం రాదు" అని ఊరు ఊరంతా గొంతెత్తింది. ఆమెను సస్పెండు చేశారు. తన పుస్తకాల సంచి తీసుకోవడానికి వచ్చిన రోజు నా ముందర ఆగింది. నాలుగు తిట్టివుంటే ఆమెకూ కసి తీరేది, నాకూ కొంచెం తేలికయ్యేది. సంచి భుజానికి తగిలించుకుని బస్సుకు పోయింది.

మసరత్ సంగతి ఇంకా ఘోరం. బిడ్డను పూడ్చిన మూడోరోజు ఆమే నన్ను ఓదార్చింది. "నువ్వేడవొద్దు పెద్దమ్మా, నా బిడ్డను ఎత్తుకోని పరిగెత్తింది నువ్వే కదా" అంది. రెండు రంజాన్లకూ నా ఇంటికి సేమ్యా పాయసం పంపింది. నేను తిన్నాను. ఓరి దేవుడా, తిన్నాను.

ఆ బిడ్డను పాము చంపిందని ఊరంటుంది. నేను చంపాను. ఇందులో ఒక్క అక్షరం కూడా మార్చవద్దని లేఖరికి ఒట్టు పెట్టాను.

5. పై నాలుగో క్లాజును నా వాంగ్మూలంగా భావించి, ఉమాదేవి టీచరు మీద పడిన మచ్చ తుడవాలని విద్యాశాఖ ఆఫీసువారిని వేడుకుంటున్నాను. ఆ క్లాజు నకలు ఒకటి ఆఫీసుకు, ఒకటి ఆమెకు, ఈ వీలునామా చెల్లినా చెల్లకపోయినా ఈ రోజే పోస్టు చేయిస్తున్నాను. నా చీరల్లో ఉన్న ఒకే ఒక పట్టుచీర, నెమలికంఠం రంగుది, ఆమెకు రాస్తున్నాను. ఆమె దాన్ని వాకిట్లోకి విసిరేసినా నాకు అభ్యంతరం లేదు.

6. మిగిలిన పది చీరలు, పద్నాలుగు గొర్రెలు నా కోడలు శివమ్మకు. అమ్మా శివమ్మా, నీకూ నాకూ పొయ్యి దగ్గర పడలేదు, నీ చేతి పులుసు మాత్రం ఊళ్లో ఎవరికీ రాదు. బతికి ఉండగా ఈ మాట చెప్పలేకపోయాను. చీరలు మడత విప్పి కట్టుకో. గొర్రెల్లో చెవి తెగినది గొడ్డుదని అమ్మబోకు, ఈసారి సూడి మీద ఉంది.

నా మూడు గొంగళ్లు బడికి. ఒకటో తరగతి పిల్లలు బండల మీద కూర్చుంటారు, చలికాలం పిర్రలు చల్లబడి కుదురుగా ఉండరు, కుదురుగా లేరని దెబ్బలు తింటారు. వాళ్లకు పరచండి. తడిస్తే తడవనీయండి, చిరిగితే చిరగనీయండి.

నా చెవి కమ్మలు అమ్మి పైపులు, కుళాయిలు కొనాలి. మరుగుదొడ్డి తలుపుకు బయట ఉన్న గొళ్ళేన్ని రంపంతో కోయించి తీసేయాలి. లోపల గడియ ఒక్కటే ఉండాలి, అది ఒకటో తరగతి పిల్ల చేతికి అందే ఎత్తులో ఉండాలి. వెనక గోడ కట్టించే స్తోమత నాకు లేదు. ఎవరికైనా మనసుంటే కట్టించండి, పేరు కూడా రాయించుకోండి. అంతదాకా ఆ కంపను ఏటా రెండుసార్లు కొట్టించవలసింది, ఆ కూలి బాలకృష్ణ పెట్టుకోవాలి.

7. ఈ వీలునామా అమలు బాధ్యత ఇప్పుడు బడిలో ఉన్న టీచరు యశోదమ్మకు, ఆమె బదిలీ అయితే ఆ కుర్చీలో కూర్చున్నవారికి అప్పగిస్తున్నాను. ట్యాంకు నిండిందో లేదో రోజూ మెట్లెక్కి చూడాలి. ఆఫీసర్ల కోసం దాచిన నీళ్లు నాకు వద్దు.

8. సాక్షుల విషయం. వీలునామాలో ఏదైనా ముట్టేవాళ్లు సాక్షి సంతకం చేయకూడదని నబీ రసూల్ చెప్పాడు. మొదటి సాక్షి మా మరిది నారాయణస్వామికి దీనివల్ల నష్టమేమీ లేదు, అతనికి ఎలాగూ ఏమీ రాసేదాన్ని కాను. ముప్పై ఏళ్ల కింద నా పొట్టేలును తన మందలో కలుపుకుని, "ఇది నాదే వదినా, చెవికోత చూడు" అన్నాడు. కోత ఆ పొద్దున కోసిందే, నెత్తురు కూడా ఆరలేదు. ఆ పొట్టేలు ఇప్పుడు మాఫీ.

రెండో సాక్షి మసరత్. నా కమ్మలు ఆమె చిన్నబిడ్డకు రాయాలనుకున్నాను. ఆ పిల్ల ఈ ఏడే అదే బడిలో ఒకటో తరగతిలో చేరింది. కానీ రాస్తే తల్లి సంతకం మీద రేపు పేచీ పెడతారు. అందుకే ఈ కాగితంలో వాళ్లకు గవ్వ కూడా లేదు.

పోయిన శుక్రవారం వాళ్లింటికి పోయి, గడపలో కూర్చుని, జరిగింది చెప్పాను. ఈ కాగితం సంగతి చెప్పి, సోమవారం ఇక్కడికి వచ్చి సాక్షి సంతకం పెట్టమని కూడా అడిగాను. మసరత్ మిషను తొక్కడం ఆపలేదు. గుడ్డ అయిపోయింది, వట్టి సూది ఆడుతూనే ఉంది. ఒకే ఒక్క మాట అడిగింది. "నీ ముందర ఎంతసేపు నిలబడె పెద్దమ్మా, నా బిడ్డ?"

"కాళ్లు మార్చుకుంటా శానాసేపు నిలబడె" అన్నాను.

"పో. ఇంగ ఈడికి రావాకు" అంది.

ఇద్దరు సాక్షులు లేనిదే వీలునామా చెల్లదట. చెల్లకపోతే తోటతోపాటు బోరు కూడా బాలకృష్ణకే పోతుందట. "బజార్లో ఎవురినన్నా పిల్చకొస్తా, ఒక నిమిషం పని" అంటున్నాడు నబీ రసూల్. వద్దన్నాను. నా మాటకు ఇదివరకు ఊరంతా సాక్ష్యం చెప్పింది, ఏం ఒరిగింది? నా చేతి నీళ్లు ఆ బడికి పోవాలా వద్దా అనేది బిడ్డను పోగొట్టుకున్న తల్లి చెప్పాలి. "ఆమె మీద ఇంకా బరువు పెడతాండావమ్మా" అని లేఖరి తిట్టాడు. నిజమే, ఇది కూడా తప్పే అయివుండవచ్చు. నాకు ఇంతకంటే దారి తెలియలేదు. సాయంత్రం రిజిస్ట్రారు ఆఫీసు మూసేదాకా ఈ బెంచీ మీద కూర్చుంటాను. ఆమె రాకపోతే ఈ కాగితం చింపేయండి, నా కొడుకును ఎవరూ ఒక్క మాట అనకండి.

ఇది నేను చెప్పగా రాసి, నాకు రెండుసార్లు చదివి వినిపించగా, సరిగ్గా ఉందని ఒప్పుకుని, సాక్షుల ఎదుట వేసిన నిశానీ.

పులివెందుల, 17-11-2025

పెద్దసుబ్బమ్మ ఎడమచేతి బొటనవేలి ముద్ర

దస్తూరి: నబీ రసూల్, దస్తావేజు లేఖరి

సాక్షులు:

1. నారాయణస్వామి, తండ్రి ఓబన్న, మిట్టగొల్లపల్లె. (సంతకం)

2. షేక్ మసరత్, భర్త షేక్ నయీం, మిట్టగొల్లపల్లె. (సంతకం, సాయంత్రం నాలుగూ యాభైకి వచ్చి, కాగితం అంతా తానే చదువుకుని, సంతకం కింద స్వదస్తూరితో ఈ కింది మాటలు రాసినారు.)

నా కండ్ల ముందర ఏలిముద్ర ఏసింది. ఈమెను నేను మాఫ్ చేయలేదు. ఈమె సచ్చేదాకా బడి పిల్లోల్లు నీళ్లకు యాల కాసుకోని ఉండల్ల? పైపు రేపే ఎయ్యల్ల.