కిటికీకి తగిలించిన టోకెన్

కె.జి.ఎఫ్. ఆండర్సన్‌పేటలో ఉంటున్న లక్ష్మీదేవమ్మ అనే నేను, గనిలో టింబర్‌మ్యాన్‌గా పనిచేసి కాలం చేసిన మునియప్ప గారి కుమార్తెను, వయస్సు నలభై ఆరు, కాలేజీలో చరిత్ర చెప్పే ఉద్యోగం, ఎవరి ఒత్తిడీ లేకుండా నా చేత్తో రాసుకుంటున్న వీలునామా ఇది.

నా తెలివి సరిగానే ఉంది. పోలియో వచ్చింది కాళ్ళకే. ఈ మాట ఇక్కడ అక్కరలేదని వకీలు గారు అన్నారు. కాళ్ళు లేకపోతే బుద్ధి కూడా కొంచెం తక్కువే అనుకునేవాళ్ళ మధ్య బతికాను గనుక ఉంచాను. వచ్చే నెల బెంగళూరులో నాకు గుండె ఆపరేషను. నేను తిరిగి రాకపోతే నా దగ్గర ఉంటున్న గురువమ్మకు ఈ ఇల్లు దక్కకుండా పోతుందేమోనని భయం. అందుకే ఈ తొందర.

1. నేనుంటున్న ఇల్లు మా నాన్న నాకు దానపత్రం రాసి రిజిస్టరు చేయించి ఇచ్చింది. నా తదనంతరం ఇది క్యాసంబళ్ళి గురువమ్మకు సర్వహక్కులతో చెందాలి. గురువమ్మ నా దగ్గర చదువుకున్న పిల్ల, నడవలేదు. ఆమె మూడు చక్రాల బండికి భర్త గొలుసు వేసి తాళం పెట్టి, తాళంచెవి మొలతాడుకు కట్టుకుని మల్బరీ తోటకు పోయేవాడు. ఇప్పుడు నా ముందుగదిలో మిషను కుడుతోంది. ఈ ఇల్లు లేకపోతే మళ్ళీ ఆ తాళం దగ్గరికే పోవాలి.

2. మా అన్న సీనప్పకు ఈ ఇంట్లో వాటా లేదు. మరచిపోయి వదిలేశానని రేపు ఎవరూ అనకుండా కారణం రాస్తున్నాను. నాన్న పోయాక అన్న నాతోనే ఉండేవాడు. ఇల్లు తన పేర రాయమన్నాడు, నేను రాయలేదు. అప్పటి నుంచి మాలూరు పెంకుల ఫ్యాక్టరీకి రైలెక్కడానికి వెళ్తూ నా చంకకర్రలు అటక మీద పెట్టి వెళ్ళేవాడు. 'పడిపోతావమ్మా, ఊరికే కూర్చో' అనేవాడు, ప్రేమగానే. సాయంత్రం దాకా నేల మీదే ఉండేదాన్ని. ఒకసారి పాక్కుంటూ గడప దాటితే జుట్టు పట్టి లోపలికి ఈడ్చాడు.

అయినా నాన్న సైకిలు అన్నకే ఇస్తున్నాను. చిన్నప్పుడు దాని మీదే కూర్చోబెట్టుకుని నన్ను బడికి తీసుకుపోయాడు. ఆ అన్నా, ఈ అన్నా ఒకే మనిషి ఎలా అయ్యారో నాకు ఇప్పటికీ తెలియదు.

3. గౌనిపల్లి పిల్లమ్మ పిన్నికి నా చెక్క కుర్చీ. జుట్టు సంగతి చెప్పుకుంటే ఆమె, 'కర్ర దాచినాడు గానీ, కర్ర తీసుకోని కొట్టినాడా?' అంది. ఒక పూటంతా ఆ కుర్చీలో లేవకుండా కూర్చోవాలని షరతు పెట్టబోయాను. చెల్లదన్నారు వకీలు గారు. షరతు తీసేశాను. కుర్చీ మాత్రం పంపించాలి.

4. నా పుస్తకాలు కాలేజీకి. చంకకర్రలు మాత్రం ఎవరికీ ఇవ్వకండి, నాతోనే పంపండి. గనిలో కప్పు కూలకుండా ఊతకొయ్యలు నిలబెట్టిన చేతులతో నాన్న వాటిని చెక్కారు.

5. పక్కింటి ఆదిలక్ష్మమ్మకు నా పట్టుచీర అని మొదట రాశాను. ఆస్తి పుచ్చుకునేవాళ్ళు సాక్షి సంతకం చేయకూడదని తెలిసి ఆమె, 'అట్లయితే నాకేమీ ఇయ్యొద్దు తల్లీ. చీర యాడన్నా దొరుకుతాది. నేను చూసింది నేనే చెప్పల్ల' అంది. చీర కొట్టివేశాను. ఆమె కొడుకు రామాంజినప్ప ఈ వీలునామాను అమలు జరపాలి.

6. నాన్న ఇత్తడి టోకెన్ గురువమ్మకు. అది ఎందుకో చెప్పాలి.

గని లోపలికి దిగినవాళ్ళ టోకెన్లు పైన బోర్డుకు వేలాడేవి. షిఫ్టు అయ్యాక కూడా ఒకటి మిగిలిందంటే ఆ మనిషి ఇంకా లోపలే ఉన్నాడని వెతకడానికి దిగేవాళ్ళు. ఆదిలక్ష్మమ్మ భర్త ఒకసారి అలాగే ప్రాణాలతో బయటపడ్డాడు. నా సంగతి తెలిశాక ఆమె, నాన్న టోకెన్‌ను నా చేతికందే ఎత్తులో ఒక మేకుకు పెట్టి, 'కర్రలు ల్యాకుంటే దీన్ని కిటికీకి తగిలించు, మేము వస్తాము' అంది.

నేను తగిలించలేదు. దాని కిందే కూర్చుని ఆలోచించేదాన్ని. సొంత అన్న. కొట్టడం లేదు. వీధి నవ్వితే నాన్న పేరు పోతుంది. నాదే అతి కావచ్చు.

ఆయుధపూజ నాడు వచ్చేపోయేవాళ్ళ కాళ్ళకు అడ్డమని అన్న నా కర్రలు అటక మీద పెట్టాడు. సైకిలు కడిగాడు. టోకెన్‌ను చింతపండుతో తోమి, కుంకుమ పెట్టి, నాన్న గుర్తు వీధికి కనబడాలని బంతిపూలతో కలిపి కిటికీ ఊచకు తానే కట్టాడు. మా ఒప్పందం అతనికి తెలియదు. కాసేపటికి ఆదిలక్ష్మమ్మ, గడ్డపారతో రామాంజినప్ప, షిఫ్టు దిగిన నలుగురు మగవాళ్ళు గుమ్మంలో ఉన్నారు. తలుపు తీసే ఉంది. చేతిలో నిమ్మకాయతో అన్న, 'ఏమప్పా, ఎవురికేమయింది?' అన్నాడు.

'లోపల మనిషి ఉండాది, తీసుకపోను వచ్చినాము' అంది ఆదిలక్ష్మమ్మ.

వంటగది నేల మీద నేను. రామాంజినప్ప అటక మీదికి చూసి, కర్రలు దించి నా చేతికిచ్చాడు. అన్న ఆ వారంలోనే మాలూరుకు మారిపోయాడు.

అన్న ఆ రోజు పొరపాటున కట్టి ఉండకపోతే నేను ఎప్పటికైనా కట్టేదాన్నా? ఎంత ఆలోచించినా అవునని రాయలేకపోతున్నాను. గురువమ్మా, నాలాగా న్యాయం తూచుకుంటూ కూర్చోవద్దు. మేకు నీ చేతికందుతుందో లేదో ఇవాళే చూసుకో. అందకపోతే కిందికి కొట్టించుకో.

ఆండర్సన్‌పేట, 1999 ఆగస్టు 11.

(సంతకం) ఎం. లక్ష్మీదేవమ్మ

రాసినదంతా చదివి వినిపించగా, ఆమె సంతకం చేయడం కళ్ళారా చూసిన సాక్షులు:
1. ఆదిలక్ష్మమ్మ, పక్కిల్లు (ఎడమచేతి వేలిముద్ర)
2. ఓబలప్ప, అదే వీధి (సంతకం)