మెట్ల బురుజు తగాదా

ఏప్రిల్ 4, ఆదివారం

విబెకె పోయాక మొదటిసారి ఇవాళ ఆమె ఫోన్ మోగింది. ప్రేబెన్. అలవాటు కొద్దీ చేశాడట. క్షమించమని పెట్టేశాడు.

అంత్యక్రియల నాడు అతను బాహాటంగా ఏడ్చాడు. వచ్చినవాళ్లు ముందు అతన్నే ఓదార్చారు. భర్తను నేను. కాఫీ కప్పు పట్టుకుని నిలబడ్డాను.

ఏప్రిల్ 9

ఆమె కోట చరిత్రకారిణి, అతను కోట ఆర్కిటెక్ట్. ఇద్దరిదీ ఒకటే తగాదా. చెరువు నీళ్లలో నిలిచిన ఆ ఎర్ర ఇటుకల కోటకు మెట్ల బురుజును మొదటే కలిపి కట్టారా, తరువాత అతికించారా? కలిపే కట్టారని విబెకె. అతికించారని అతను. ఏళ్ల తరబడి ప్రతి ఆదివారం ఫోన్‌లో ఇదే. పొయ్యి మీద బంగాళాదుంపలు మాడిపోయేవి. ఫోన్ పెట్టేశాక ఆమె బుగ్గలు ఎర్రగా ఉండేవి.

నాతో ఎన్నడూ పోట్లాడలేదు. ఏమన్నా "నీ ఇష్టం ఐనార్" అనేది. దాన్నే సుఖమనుకున్నాను.

ఏప్రిల్ 10

వాళ్ల మధ్య సంబంధమేదైనా ఉండి ఉంటే బాగుండేది. క్షమించడానికి ఏదో ఒకటి దొరికేది.

మే 4

బురుజు కప్పు మరమ్మతులో పాత సున్నం గీకారు. చూడమని ప్రేబెన్ పిలిచాడు. గోడకూ బురుజుకూ మధ్య నిలువు సందు, కత్తి దూరేంత. ఒక్క ఇటుకా అవతలి గోడలోకి దిగలేదు. అంటే అతికించిందే. విబెకె ఓడిపోయింది.

అతని ముఖంలో గెలిచిన కళ లేదు. శుక్రవారం కొత్త దూలాలెక్కాక ఇచ్చే విందులో ఆమె మాటే నిజమని ప్రకటిస్తాడట. సోమవారం మళ్లీ సున్నం పూసేస్తారు.

"ఎవరు చూడొచ్చారు, ఐనార్ గారూ? పోయినామె మాటే నెగ్గనివ్వండి."

సరే అన్నాను.

మే 5

ఇక అతనూ నాలాగే సరే అనే మనిషి. సంతోషించాలి. ఒళ్లు మండుతోంది.

మే 7, శుక్రవారం

కొత్త దూలాలు ఎక్కాయి. ఆనవాయితీ ప్రకారం పైన ఆకుల దండ, కింద సాసేజీలు. బీరు ఆలస్యమైందని వడ్రంగులు, పిసినారి యజమానికి చేసినట్టు దండ తీసి పాత ప్యాంటు వేలాడదీస్తామని వేళాకోళమాడారు.

ప్రేబెన్ గ్లాసు ఎత్తి విబెకె పేరు తలిచాడు. నేను లేచాను.

"ఆమెది తప్పు. ఆ సందు నేను చూశాను. ఆమె మీద జాలి చూపించకండి, ప్రేబెన్. ఆమెకి నచ్చదు."

అందరూ నమలడం ఆపేశారు. అతని ముఖం కందిపోయింది.

"ఆమెది తప్పని ఆమెతో ఒక్కసారైనా అన్నారా మీరు?"

కూర్చున్నాను.

మే 10, సోమవారం

సున్నం పూయనివ్వలేదు. సందు పైభాగంలోనే ఉందని, నీటి కింద పునాదిలో ఇటుకలు కలిసే ఉంటాయని, విబెకెదే ఒప్పని ప్రేబెన్‌తో వాదించాను. మతి పోయిందా అన్నాడు. గొంతు బొంగురుపోయేదాకా అరిచాను. నా మాట నాకే నమ్మకం లేదు.

రేపు మళ్లీ వెళ్తాను.