పేరు లేని పేజీ

చాకవేలు,
6 జులై 2008

ప్రియమైన అన్నకు,

ఇక్కడ క్షేమం. బస్సు దిగి ఇల్లు చేరాను గానీ కోపం మాత్రం దిగలేదు. ఆదివారమంతా చింతామణిలో, నీ ఇంటర్నెట్ సెంటరులో కూర్చున్నా, పేరు పెట్టకుండా నేను రాసే బ్లాగులో ఒక్క పేజీ ఎక్కలేదు. నువ్వు నేర్పిన ఆ టార్ సాఫ్ట్‌వేర్, మన రాతను మూడు దేశాల కంప్యూటర్ల మీదుగా తిప్పి, ఎక్కడినుంచి వచ్చిందో తెలియకుండా చేస్తుందన్నావు. అది తిరిగి వచ్చేలోపు కరెంటు పోయింది!

క్వారీలో పేల్చినప్పుడల్లా నేను పాఠాలు చెప్పే శాలె పైకప్పు మీద రాళ్ళు పడుతున్నాయి. మొన్న ఒక పాప తల పగిలింది. నేనే ఎత్తుకొని ఆసుపత్రికి పరుగెత్తాను. ఈమాత్రం నిజం చెప్పడానికి ఇన్ని తిప్పలా?

నీ చెల్లెలు,
రంజిత

చింతామణి,
20 జులై 2008

చిరంజీవి రంజితకు అన్న ఆశీస్సులు.

విసుక్కోకు తల్లీ. నీ టీచరు ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. సర్కారు జీతం తీసుకుంటూ, క్వారీకి అనుమతిచ్చిన సర్కారును తిడితే ఊరుకుంటారా?

మొన్న ఆదివారం నువ్వు మళ్ళీ వచ్చి పాప సంగతి పెట్టిన వారం లోపే పోలీసులు ఊళ్ళోని సెంటర్లన్నీ తిరిగారు. నా దగ్గరికీ వచ్చారు. "యాడినుంచి రాస్తాండారో తెలీకుండా ఉండాదప్పా. నీకేమన్నా తెలుసా?" అన్నారు. తెలీదన్నాను. టీ తాగి పోయారు. చూశావా, నీ అన్న తెలివి! ఈమెయిల్లో మాత్రం ఒక్క ముక్క రాయకు.

నీ అన్న,
పురుషోత్తమ్

చాకవేలు,
3 ఆగస్టు 2008

ప్రియమైన అన్నకు,

నీ తెలివి బాగానే పనిచేసింది. నేను దొరకలేదు కాబట్టి మా హెడ్‌మాస్టర్ గోపాలప్ప సారును సస్పెండ్ చేశారు.

క్వారీ మీద సొంత పేరుతో అర్జీలు పెట్టింది ఆయనొక్కరే. అందుకని ఈ రాతలూ ఆయనవే అని తేల్చేశారు. విచారణలో అడిగితే "ఎవురు రాసినా నిజమే రాసినారు" అన్నారట. రిటైరయ్యే ఏడాది ఇది. ఆయన భార్య లక్ష్మీనరసమ్మ గారు నా చెయ్యి పట్టుకొని, "ఆయన కంప్యూటర్ ముట్టి కూడా ఎరగడమ్మా, ఎట్ల రాస్తాడు?" అని ఏడ్చారు. నా మీద నాకే అసహ్యం వేస్తోంది అన్నా.

నీ చెల్లెలు,
రంజిత

చింతామణి,
8 ఆగస్టు 2008

రంజితా,

తొందరపడి నీ పేరు బయటపెట్టకు, నీకు దండం పెడతాను. ఆయన రాయలేదని అదే పేజీలో, టార్ లోనుంచే పెట్టు. ఆయనా బయటపడతాడు, నువ్వూ బతుకుతావు. ఉద్యోగం పోతే మళ్ళీ ఎవరిస్తారు? ఒక్కసారి నా మాట విను.

నీ అన్న,
పురుషోత్తమ్

బాగేపల్లి,
14 ఆగస్టు 2008

ప్రియమైన అన్నకు,

నీ మాట విన్నాను. అలాగే పెట్టాను. దానికి ఇక్కడి మా విద్యాశాఖ పై ఆఫీసులో ఏమన్నారో తెలుసా? గోపాలప్ప తన్ను తాను కాపాడుకోవడానికి రాసుకున్నాడన్నారు. పేరు లేని మనిషి ఇచ్చే సాక్ష్యం ఎవరికి కావాలి? ఇన్నాళ్ళూ నన్ను దాచిందే ఇప్పుడు ఆయనకు అడ్డం పడింది.

నిన్న ఆయన ఇంటికి పోయి, రాసింది నేనని చెప్పాను. ఆయన కొంచెం కూడా ఆశ్చర్యపోలేదు.

"ఆ పాపను ఎత్తుకొని పోయింది నువ్వే కదమ్మా. రక్తం కొంగుకంటిందని ఇంకెవురు రాస్తారు? చదివినప్పుడే తెలిసె. నాకింక సర్వీసు యాడుండాది? నువ్వు నోరు మూసుకో."

తెలిసే మోస్తున్నారన్నా, నా తప్పు కాని తప్పును! తిట్టాలో కాళ్ళు పట్టుకోవాలో తెలియక లేచి వచ్చేశాను.

ఇవాళ ఇక్కడి సెంటరులో కూర్చొని మొదటినుంచీ అన్నీ రాసింది నేనేనని పెట్టాను. నా పేరు, మా శాలె పేరు, అన్నీ ఉన్నాయి. అదే కాగితం మీద రాసి, సంతకం చేసి పై ఆఫీసులో ఇచ్చాను.

నీ మీద కోపం లేదు. నువ్వు నన్ను కాపాడాలనే చూశావు. పోలీసులు మళ్ళీ వస్తే తెలీదని చెప్పకు. నా చెల్లెలే అని చెప్పు.

నీ
రంజిత