నేను చేసుకున్న గొంతు

రేపల్లె, 2006 ఆగస్టు, శనివారం

తెనాలి నుంచి తెచ్చిన డిజిటల్ పియానోలో చర్చిలో రేపటి ఆరాధనకు సౌండ్ ఎంచుకుంటూ మధ్యాహ్నమంతా కూర్చున్నాను. క్వయర్ సౌండ్ పెట్టి శ్రుతి దించాను. స్వరంలో వణుకు తగ్గించి ఎకో పెంచాను. ఏం వెతుకుతున్నానో నాకే తెలియలేదు.

మందిరం ఊడుస్తున్న సరోజినమ్మ చీపురు వదిలేసింది.

"అయ్యగారూ, అచ్చం అమ్మగారి గొంతేనండి."

నా భార్య పోయి మూడేళ్ళు.

"ఊరుకో, అది మిషను," అని కసిరాను.

"పోయిన మా ఆయన మాట వినాలని పిట్టలవానిపాలెంలో సోది చెప్పించుకుంటే మీరు నన్ను అందరి ముందూ నిలబెట్టి తిట్టారు. మరి ఇదేంటండి?"

చనిపోయినవారిని పిలవడం పాపమని ఆ రోజు బైబిలు వాక్యం తీసి ఉరిమిన పాస్టర్ని నేనే. ఇవాళ ఆమె ఎదుటే అంతా చెరిపేసి ఆర్గన్ పెట్టాను.

ఆమె వెళ్ళాక గడియ వేసి మళ్ళీ కూర్చున్నాను. ఈసారి వెతకలేదు. వేళ్ళే వెళ్ళి ఇందాకటి మీటలు నొక్కాయి.

"ఏమే, అన్నం తిన్నావా?" అని అడిగాక గానీ, మాట్లాడింది నేనేనని తెలియలేదు. వేలు తీశాక కూడా ఆ గొంతు కాసేపు ఆగలేదు.

రేపు నేను వాక్యం చెప్పేటప్పుడు సరోజినమ్మ ముందు వరసలోనే కూర్చుంటుంది.