ఆమె తప్పేంది?

హన్మకొండ, 1981. శుక్రవారం రాత్రి.

ఇయ్యాల క్లాసులో సార్ ఇటలీవాళ్ల పద్నాలుగు పాదాల ప్రేమపద్యాల గురించి చెప్పిండు. తనను ప్రేమించని మనిషి మీద కవి బతుకంతా పద్యాలు రాసుకుంట పోతడట. "ఆమెది రాతిగుండె సార్," అని వెనక బెంచీలకెల్లి ఎవడో అన్నడు. అందరూ నా దిక్కు తిరిగి నవ్విండ్రు. సదయ్య ప్రేమిస్తున్ననంటే నేను కాదన్నప్పటి నుంచి క్లాసులో నాకు అదే పేరు. తల వంచుకొని కూసున్న.

అప్పుడు సదయ్యే లేచిండు. "ప్రేమించింది ఆయన, రాసుకున్నది ఆయన. ఆమె తప్పేంది సార్? ఇష్టం లేకుంటే లేదంటది. దానికే రాతిగుండె అంటరా?" మళ్ల ఎవ్వరూ నవ్వలేదు.

సాయంత్రం బస్టాపు కాడ థాంక్స్ చెప్పిన. "నీ కోసం అనలే, ఉన్నమాట అన్న. ఫికర్ చెయ్యకు," అని హసన్‌పర్తి బస్సెక్కి పోయిండు.

ఎంత పెద్ద మనసు! అంతమందిల నేనైతే లేచేదాన్నా? ఇంత గౌరవం ఉన్నా ప్రేమ మాత్రం ఎందుకు పుడ్తలేదో... రేపు మళ్ల అడిగినా కాదనే అంట. సదయ్య ఇగ అడగడు. అది తలుచుకుంటెనే ఏడుపొస్తాంది.