పాకే గులాబీకి కట్టిన పుల్లలు

చెల్లీ పార్వతీ,

నిన్న నీ సంవత్సరీకం అయింది. ఈ ఉదయం మీ మేడ ఎక్కాను. తొట్టి అంచు మీదుగా కిందికి పాకాల్సిన నీ గులాబీ కొమ్మలకు మీ ఆయన వెదురు పుల్లలు పాతి, నిలబెట్టి కట్టేశాడు. సగం కొమ్మలు విరిగి ఎండిపోయాయి.

“ఏటి బాబూ ఇది? పాకే రకం నిలబడతాదేటి?”

“తెలుసొదినా, పార్వతి సెప్పింది. అలా పడుకునుంటే సూడలేకపోతన్నాను.”

నువ్వు మంచాన పడ్డ నెలలన్నీ నిన్ను లేపి, దిండుకి ఆనించి కూర్చోబెట్టింది అతనే కదా.

“ఇప్పేయమంటావా?” అన్నాడు.

ఇప్పుడు విప్పితే మిగిలిన కొమ్మలు బతుకుతాయి. అయినా, “ఉండనీ బాబూ” అన్నాను.

నీ మొక్క దక్కదమ్మా. నీ మనిషినైనా దక్కించమని అరసవల్లి స్వామికి దండం పెట్టుకుని వచ్చాను.

నీ పెద్దప్ప